వేలు పెట్టొద్దన్నారు, వేలిముద్ర వేయమన్నారు



ఇంట్లో ఏదన్నా పెద్ద విషయం నడుస్తున్నప్పుడు ఆడమనిషి నోరు తెరిస్తే ఒక మాట వినపడుతుంది. "నీకెందుకు? ఇందులో వేలు పెట్టొద్దు" అంటారు. సాయంత్రానికి అదే మనిషి దగ్గరికి ఒక కాగితం వస్తుంది. పక్కనే సిరా డబ్బీ. "ఇక్కడ వేలు పెట్టు" అంటారు.

పొద్దున వేలు పెట్టకూడని విషయంలో సాయంత్రం వేలు ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ కాగితం మీద అప్పు ఉంది. ఆ అప్పులో ఆమెకూ పాలు ఉంది. కాగితం రాసినవాడికి ఈ సంగతి తెలుసు. తెచ్చిన మొగుడికీ తెలుసు. తెలియనిది వేలు పెట్టిన ఆమెకే.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చినాయి. పేరు రాస్తారు. బస్సు మీద బోర్డు చదువుతారు. అది నంద్యాలకు పోతుందా, ప్రొద్దుటూరుకు పోతుందా అని ఎవరినీ అడగరు. 1991 జనాభా లెక్కల నాడు ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు దాటిన ఆడవాళ్ళు నూరుమంది ఉంటే, చదువు వచ్చినవాళ్ళు సుమారు 33 మందే. అక్కడి నుంచి చాలా దూరం నడిచి వచ్చినారు. అయితే సంతకం రావడం వేరు. ఆ సంతకం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అని తేల్చుకోవడం వేరు. ఈ పూట మాట ఆ రెండో సంగతి గురించి.

"ఆడవాళ్ళకు నిర్ణయాలు చేయడం రాదు" అంటారు. ఆ మాట అనేవాళ్ళు ఒక్క దినం పొయ్యి దగ్గర కూర్చొని చూడాల. డబ్బాలో పిండి ఎంత ఉంది? సంత ఇంకా ఎన్ని దినాలు ఉంది? ఈ పూట సంగటి ఎంత కెలకాలి? బిడ్డకు జ్వరం, కూలికి పోవాలా, ఇంట్లో ఉండాలా? గొర్రెపిల్లను ఇప్పుడే అమ్మాలా, పండగ దాకా ఆగాలా? కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి పడే వాన సుమారు 600, 700 మిల్లీమీటర్లు. అదీ సరిగ్గా పడిన ఏడు. పడని ఏడు ఇల్లు గడిపింది ఎవరు? అన్ని లెక్కలు వచ్చిన మనిషిని బోరు దగ్గర, భూమి దగ్గర, బిడ్డ పెండ్లి దగ్గర మాత్రం పక్కన నిలబెడతారు.

ఒక ఇల్లు అనుకోండి. నాలుగెకరాల మెట్ట చేను. ఏటా సెనక్కాయ వేస్తారు. రెండేండ్లు వరసగా వాన తప్పింది. పక్క చేన్లో బోరు వేస్తే నీళ్ళు పడినాయి. ఇంటాయనకు ఆశ పుట్టింది. ఆశ పుట్టడం తప్పు కాదు. నీళ్ళు చూసి ఆశ పడని రైతు ఈ సీమలో యాడ ఉన్నాడు?

"గొలుసు ఇయ్యి. కుదువ పెట్టి వస్తా" అన్నాడు.

ఆమెకు రెండు దోవలే కనపడతాయి. ఇస్తే మంచి పెండ్లాం. ఇవ్వకపోతే గయ్యాళి. కానీ మూడో దోవ ఒకటి ఉంది. అడగడం.

"ఎంత లోతు పోవాల్నంట? అడుగుకు ఎంత తీసుకుంటారు? పైపులకు, మోటారుకు ఎంత అవుతాది? నీళ్ళు పడకపోతే ఇంకో చోట వేయాల్నా? ఆ దుడ్లు ఎవరు ఇస్తారు? ఈ రెండేండ్లలో మన ఊళ్ళో ఎన్ని బోర్లు వేసినారు? ఇప్పుడు ఎన్నిట్లో నీళ్ళు ఉన్నాయి?"

కడపటి ప్రశ్నకు జవాబు ఇంటాయన దగ్గర ఉండకపోవచ్చు. బిందె చంకన పెట్టుకొని ఊరంతా తిరిగే ఆడవాళ్ళ దగ్గర ఉంటుంది. ఏ బోరు ఎండింది, ఏది రొంత పోస్తోంది, ఏది పొద్దున మాత్రమే పోస్తుంది అన్నది వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అంత తెలిసినవాళ్ళను అడగకుండా బోరు పాయింటు పెడతారు!

ఇక వడ్డీ. నూటికి నెలకు మూడు రూపాయలు అంటే చిన్నగా వినపడుతుంది. కూడి చూడండి. 50 వేల రూపాయల అప్పు. నెలకు 1,500 వడ్డీ. ఏడాదికి 18 వేలు. మూడేండ్లకు 54 వేలు. వడ్డీయే అసలును దాటిపోయింది. అసలు ఇంకా అట్లే ఉంది. ఈ లెక్క పలక మీద వేయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. గొలుసు పోతే మళ్ళీ రావడానికి ఎన్నేండ్లు పడుతుందో మీకే తెలుసు.

ఇన్నీ అడిగినాక కూడా బోరు వేద్దామనే తేలొచ్చు. వేయొచ్చు. వేసినాక ఎండిపోనూ వచ్చు. ఈ నేల మీద బాగా ఆలోచించి చేసిన పని కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. వాన ఎవరి మాటా వినదు. కానీ ఇద్దరూ కూర్చొని తేల్చుకున్న అప్పును ఇద్దరూ మోస్తారు. "నేను చెప్తే వినలేదు" అని ఆమె, "నీ గొలుసు శని" అని ఆయన కొట్లాడుకోవాల్సిన పని ఉండదు.

అడగడం ఒక్కరోజులో అలవాటు కాదు. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు అని ఒక మండలం ఉంది. కర్నూలు నుంచి నంద్యాల పోయే దోవలో వస్తుంది. రాళ్ళు ఎక్కువ, నీళ్ళు తక్కువ. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో పేదరికం పోగొట్టే పథకం ఒకటి మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పెట్టినారు. ఓర్వకల్లు అందులో ఉంది. అక్కడి ఆడవాళ్ళు చిన్న చిన్న సంఘాలు పెట్టుకున్నారు. దినానికి ఒక రూపాయి లెక్కన దాచడం మొదలు పెట్టినారు.

ఒక రూపాయితో ఏమవుతుంది అని నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నిజమే, రూపాయితో పెద్దగా ఏమీ కాదు. అయితే పది పన్నెండు మంది రూపాయలు ఒక పెట్టెలో పడినాక ఒక ప్రశ్న వస్తుంది. ఈ నెల ఈ దుడ్లు ఎవరికి ఇవ్వాల? ఒకామెకు విత్తనాలు కావాల. ఒకామె బిడ్డకు ఒంట్లో బాగాలేదు. ఒకామెకు బర్రె కొనాలని ఉంది. పెట్టెలో ఉన్నది ఒక్కరికే సరిపోతుంది. ఇప్పుడు తేల్చాల్సింది ఎవరు? షావుకారు కాదు, సర్పంచు కాదు, మొగుడు కాదు. చాప మీద కూర్చున్న ఆ పన్నెండు మందే.

మొదట్లో ఎవరూ నోరు విప్పరు. అందరూ లీడరు ముఖం చూస్తారు. తర్వాత ఒకామె గొంతు సవరించుకుంటుంది. "నాకు వచ్చే నెల ఇచ్చినా పర్వాలేదు, ముందు ఆ బిడ్డకు ఇయ్యండి" అంటుంది. అది ఒక నిర్ణయం. పుస్తకంలో రాస్తారు. అందరూ సంతకం పెడతారు. వచ్చే నెల ఇంకోటి. ఏడాదికి పన్నెండు. ఇట్లా నలుగురిలో కూర్చొని కారణం చెప్పి, ఒప్పించి, ఒప్పుకొని అలవాటైన మనిషి ఇంటికి పోయినాక "నీకెందుకు" అంటే ఊరుకుంటుందా? ఊరుకోదు. పొదుపు సంఘం పని డబ్బు దాచడం అని అందరూ అనుకుంటారు. దాచిన డబ్బు కంటే, మాట్లాడడం నేర్చుకున్నదే ఎక్కువ లాభం.

ఓర్వకల్లులో సంఘాలు కలిసి గ్రామ సమాఖ్యలు అయినాయి. అవి కలిసి మండల సమాఖ్య అయింది. ఆ మూడు జిల్లాల్లో నేర్చుకున్నదాన్ని చూసి 2000లో రాష్ట్రంలో వెలుగు పథకం మొదలు పెట్టినారు. తర్వాతి ఏండ్లలో ఆంధ్ర సంఘాల ఆడవాళ్ళు బీహారు దాకా పోయి అక్కడి ఆడవాళ్ళకు సంఘం ఎట్లా పెట్టుకోవాలో చెప్పి వచ్చినారు. భాష రాదు. అయినా చెప్పి వచ్చినారు!

అంతకు ముందే నెల్లూరు ఆడవాళ్ళు ఒక దోవ చూపించినారు. రాత్రి బడిలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అంగడి మూయించినారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. కర్నూలుకు, కడపకు, చిత్తూరుకు వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించినారు. 1997లో ఆ మద్య నిషేధాన్ని ఎత్తేసినారు. అప్పుడు ఎత్తేసింది ఎవరి నిర్ణయం? ఆడవాళ్ళను అడిగి చేసింది మాత్రం కాదు. గెలిచినది నిలబెట్టుకోవడానికి మళ్ళీ మళ్ళీ కూర్చోవాల్సి వస్తుంది. అలసట అనిపిస్తుంది. నిజమే.

ఇప్పుడు రొంత కష్టమైన మాట. సంఘం ఉంటే చాలు, తప్పు జరగదు అనుకోవద్దు. 2010 నాటికి మన ఊళ్ళలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సూక్ష్మరుణ కంపెనీలు ఇంటి గడప దగ్గరికే వచ్చినాయి. తాకట్టు అక్కర్లేదు, అయిదుగురు కలిసి సంతకం పెడితే చాలు అన్నారు. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు కట్టాల. ఆ మాట ఎంతమంది చదివినారు? ఒక కంపెనీ అప్పు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకున్నారు. వారం వారం కంతు. కట్టలేని ఇంటి ముందు తోటి ఆడవాళ్ళే కూర్చున్నారు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారం వసూళ్ళను ఆపింది.

ఆ కాగితాల మీద ఉన్నవి వేలిముద్రలు మాత్రమే కాదు. చక్కటి సంతకాలూ ఉన్నాయి. "అందరూ పెడుతున్నారు కదా, నేను ఒక్కదాన్ని పెట్టకపోతే ఏమనుకుంటారో" అని పెట్టినవి. ఇంట్లో మొగుడి మాటకు తల ఊపడం, సంఘంలో పక్కామె మాటకు తల ఊపడం రెండూ ఒకటే. అప్పు ఇచ్చేవాడు ఎప్పుడూ "ఆలస్యం అమృతం విషం" అంటాడు. తీర్చాల్సినవాళ్ళకు "నిదానమే ప్రధానం" గుర్తు రావాల. రెండూ పెద్దలు చెప్పిన సామెతలే. ఎవరికి ఏది పనికొస్తే అది వాడుకుంటారు!

కర్నూలు, నంద్యాల వైపు ఇంకో బేరం నడిచింది. సంకర పత్తి విత్తనాల బేరం. పత్తి మొగ్గను సాయంత్రం చేత్తో విప్పి లోపలి పుప్పొడి తీసేయాల. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాల. ఒక్కొక్క పువ్వుకూ ఇట్లే. నెలల తరబడి. ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టుకున్నారు. ఏడెనిమిదేండ్ల బిడ్డల నుంచి. "చిన్న వేళ్ళు, పువ్వు నలగదు" అన్నారు. అసలు కారణం కూలి తక్కువ. బిడ్డ తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు. పూత రాకముందే ఆ బిడ్డ చదువు అమ్ముడుపోయేది.

అడ్వాన్సు తీసుకున్న తల్లిని తిట్టడం సులువు. ఆ నెల ఇంట్లో గింజలు లేకపోతే ఆమె ఏం చేయాల? అందుకే ఈ నిర్ణయం ఒక్క తల్లి మీద వేసి పోవడం న్యాయం కాదు. సంఘం ఆ అడ్వాన్సు అంత అప్పు ఇవ్వగలిగిన చోట, తల్లికి రెండో దోవ దొరుకుతుంది. 14 ఏండ్ల లోపు బిడ్డకు బడి హక్కు అని 2009లో చట్టం వచ్చింది. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకు కస్తూర్బా బడులు 2004 నుంచి ఉన్నాయి. అక్కడే ఉండడం, అక్కడే తినడం. ఈ సంగతులు పూత రాకముందే తెలియాల.

ఇక కడప అక్కలకు. రాయచోటి, రాజంపేట, కడప వైపు ఏ ఊరికి పోయినా కువైట్ పోయి వచ్చిన ఇల్లు ఒకటి ఉంటుంది. ఆడవాళ్ళు ఇంటి పనికి పోతారు. అప్పు తీర్చినవాళ్ళు ఉన్నారు, మిద్దె కట్టినవాళ్ళు ఉన్నారు, బిడ్డలను చదివించినవాళ్ళు ఉన్నారు. పోవద్దు అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. వానలు లేని చోట కూర్చోబెట్టి "పోవద్దు" అనడం కడుపు నిండినవాళ్ళ మాట. అయితే ఎట్లా పోతున్నారు అన్నది చూసుకోవాల.

పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అట్లాంటి ఆడవాళ్ళు ఇంటి పనికి కువైట్ లాంటి దేశాలకు పోవాలంటే 30 ఏండ్లు నిండి ఉండాల. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని నిబంధన పెట్టినారు. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. ఏజెంటు ఏమంటాడు? "అదంతా ఎందుకమ్మా, నెలలు పడుతుంది. విజిట్ వీసా మీద పంపిస్తా, ఆడ పోయినాక మార్పిస్తారు" అంటాడు. వయసు ఎక్కువ వేసి కాగితాలు పుట్టిస్తాడు. అట్లా పోయిన మనిషికి అక్కడ కష్టం వస్తే, ఆమె ఏ పనికి వచ్చిందో చూపించే కాగితమే ఉండదు.

కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్ళ కోసం చట్టం చేసినారు. దినానికి 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక దినం సెలవు ఇవ్వాల. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో తక్కువలో తక్కువ జీతం నెలకు 60 దినార్లు అని పెట్టినారు. చట్టం ఉంది కాబట్టి ప్రతి ఇంట్లో జరుగుతుందని కాదు. కానీ తెలిసి పోయినామె అడుగుతుంది. తెలియకుండా పోయినామె "ఇక్కడ ఇంతేనేమో" అనుకుంటుంది.

పోయే ముందు ఆ కాగితం తెలుగులో చదివించుకోండి. జీతం ఎంత? ఎన్నేండ్లు? తిరుగు టికెట్టు ఎవరు పెట్టుకోవాల? వీసా, పాస్‌పోర్టు, ఒప్పందం జిరాక్సులు ఇంట్లో ఒకరి దగ్గర, సంఘంలో ఒకరి దగ్గర పెట్టండి. కువైట్‌లో భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు బ్యాగులో కాదు, గుర్తులో ఉండాల. బ్యాగు లాక్కుంటారు. ఇంకొకటి. పంపే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? మీ పేరు మీద ఖాతా తెరిచి పోండి. రెండేండ్లు ఒంటరిగా కష్టపడి వచ్చి చూస్తే రూపాయి మిగలని ఇండ్లు ఎన్నో.

ఇంట్లో చెప్పడం ఎట్లా అని కొందరికి భయం. ఇంటాయన శత్రువు కాడు, చాలా ఇండ్లలో. ఆయనకూ ఎవరూ అడగడం నేర్పలేదు. సమయం చూసుకోవాల. నలుగురి ముందు "నీకేం తెలుసు" అంటే ఎవరికైనా రోషం వస్తుంది. సంగటి తిని అరుగు మీద కూర్చున్నప్పుడు "ఒకసారి లెక్క వేద్దామా" అంటే వినొచ్చు. వెంటనే అవునని, కాదని చెప్పలేని చోట "రేపు చెప్తా" అనండి. రేపు చెప్తా అనడం కూడా నిర్ణయమే. ఒక రాత్రి దొరుకుతుంది. అక్కనో, వదిననో, సంఘం లీడరునో అడగడానికి ఆ రాత్రి చాలు. ఆ ఒక్క రాత్రి కూడా ఆగనివ్వని కాగితం మీద అనుమానం పడాల్సిందే.

నోరు తెరిస్తే చెయ్యి లేచే ఇండ్లు కూడా ఉన్నాయి. ఆ అక్కలకు "నిదానంగా మాట్లాడు" అని చెప్పి పంపడం పాపం. అక్కడ మొదటి నిర్ణయం ఒక్కటే. ఇంకొక మనిషికి చెప్పడం. గృహ హింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. 181 మహిళల సహాయానికి ఫోన్ నంబరు. కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయం ఎంత ఉన్నా లేకున్నా వకీలును ఉచితంగా ఇస్తారు. 1987 చట్టంలోనే ఆ హక్కు ఉంది. 15100 కు ఫోన్ చేస్తే దోవ చెప్తారు.

వచ్చే మీటింగుకు ఒక పని. ఇంట్లో పెట్టెలో, గూట్లో, దేవుని పటం వెనక ఉన్న కాగితాలు తెచ్చుకోండి. పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, కుదువ చీటీ, వేలిముద్ర వేసిన పాత నోటు ఏదన్నా ఉంటే అదీ. తేనియ్యకపోతే ఆ సంగతే వచ్చి చెప్పండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన పాలు అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేసినారు, దేశమంతటికీ 2005లో వచ్చింది. మరి మీ పెట్టెలో ఉన్న కాగితం ఏమంటోంది? మొదట పాసు పుస్తకం తెరవండి. పేరు అని ఉన్న చోట వేలు పెట్టి, అక్కడ ఎవరి పేరు ఉందో గట్టిగా చదవండి.